రెండో చెప్పు ఎక్కడ జారింది?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మకు 61 ఏళ్ళు. పన్నెండేళ్ళ నుంచి షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. రెండేళ్ళుగా రాత్రి పడుకోగానే అరికాళ్ళు మంటలని లేచి కూర్చుంటుంది, పాదాలకు తడిగుడ్డ చుట్టుకుంటుంది. పగలు మాత్రం దూది మీద నడిచినట్టుంది అంటుంది. పోయిన నెల సంతకు వెళ్ళి ఒక కాలి చెప్పుతోనే ఇంటికి వచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో తనకే తెలియదు. పక్కింటి పిన్నిగారు ఇది నరాల బలహీనత అనీ, కాళ్ళకు రక్తం ఆడటం లేదనీ, ఉప్పు వేసిన వేడినీళ్ళలో పాదాలు పెట్టి కూర్చోమనీ చెప్పారు. మందుల షాపులో ఇచ్చిన నరాల మాత్రలు ఆరు నెలలుగా వేసుకుంటోంది. ఇప్పుడు నరాల ఇంజక్షన్లు పది చేయించమంటున్నారు. పదో తరగతి చదివే మా పాపేమో, నాడీకణాలు విభజన చెందవు, పోతే మళ్ళీ పుట్టవు అని పాఠంలో ఉందంటోంది. అదే నిజమైతే ఈ మందులన్నీ ఎందుకండీ? అమ్మ పాదాలకు స్పర్శ తిరిగి వస్తుందా?

సమాధానం: అమ్మా, మీరు మంటల గురించి ముందు రాశారు, చెప్పు సంగతి తర్వాత రాశారు. ముప్పై ఏళ్ళు వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పినవాణ్ణి, నా కళ్ళు మాత్రం చెప్పు దగ్గరే ఆగిపోయాయి. మంట పుట్టిస్తున్న నరం ఇంకా బతికే ఉంది, గోల చేస్తోంది. కాలి నుంచి చెప్పు జారిపోయినా కబురు పంపని నరం నోరు మూసుకుంది. నాకు భయం ఈ రెండోదాన్ని చూస్తేనే.

ముందుగా పక్కింటి పిన్నిగారి మాట. ఆమెను తప్పు పట్టను, చిక్కంతా మన భాషలో ఉంది. రక్తం తీయడానికి వచ్చిన నర్సు ‘నరం దొరకడం లేదు’ అంటుంది, అది సిర. ముసలివాళ్ళ చేతుల మీద నరాలు తేలాయి అంటాం, అవీ రక్తనాళాలే. వైద్యుడు మణికట్టు పట్టుకుని నాడి చూస్తాడు, అది ధమని. మోచేతి ఎముక తలుపుకు కొట్టుకుంటే చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది చూడండి, అక్కడ దెబ్బ తగిలింది మాత్రం అసలైన నరానికి. ఇన్నింటికీ ఒకటే మాట వాడుతున్నాం కాబట్టి, నరమంటే గొట్టమనీ, అందులో రక్తం పారాలనీ, పారకపోతే మర్దన చేసి పారించాలనీ అనుకోవడం సహజమే. కానీ నరం బోలుగా ఉండదు. కోసి చూస్తే తెల్లటి దారపు పురిలా ఉంటుంది. ఆ పురిలో వేల పోగులు. ఒక్కో పోగూ ఒక్కో జీవకణం చాచిన చెయ్యి. ఇక ‘నరాల బలహీనత’ అనే పేరుతో వైద్యశాస్త్రంలో ఒక జబ్బంటూ లేదు. నీరసానికీ, చేతులు వణకడానికీ, నిద్ర పట్టకపోవడానికీ, కాళ్ళ మంటలకీ అన్నిటికీ మనవాళ్ళు పెట్టిన ఉమ్మడి పేరది. ఉమ్మడి పేరున్న జబ్బుకు ఉమ్మడి మందు అమ్మడం చాలా తేలిక.

అసలు మీ అమ్మగారి పాదానికీ మెదడుకూ మధ్య ఏమున్నదో చూద్దాం. బొటనవేలి చర్మంలో స్పర్శను పట్టుకునే పోగు చివర ఉంటుంది. ఆ పోగు మడమ దాటి, పిక్క దాటి, తొడ వెనక నుంచి నడుము దాకా వస్తుంది. అక్కడ వెన్నెముకను ఆనుకుని చిన్న ముడి లాంటిది ఉంటుంది. కణం అసలు శరీరం, అంటే పాప పుస్తకంలోని కణదేహం, ఉండేది ఆ ముడిలో. దాని రెండో కొమ్మ వెన్నుపాములోకి దూరి, ఎక్కడా ఆగకుండా మెడ పైభాగం దాకా ఎక్కుతుంది. కాలి బొటనవేలి నుంచి పుర్రె అడుగు దాకా ఉన్నది ఒకే ఒక్క కణం. శరీరంలో ఇంత పొడవైన కణం మరొకటి లేదు. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని లెక్క వేశారు. మీ అమ్మగారి కష్టమంతా ఆ కోట్లలో లేదు, నడుము దగ్గరి ముడుల్లో ఉన్న కొన్ని వేల కణాలలో ఉంది.

ఈ కొలతలు కంటికి కట్టాలంటే కాస్త పెంచి చూడాలి. కణదేహాన్ని కొబ్బరికాయంత పెంచామనుకోండి. అదే నిష్పత్తిలో కాలి వైపు సాగిన పోగు పలుపుతాడంత లావై, రెండు కిలోమీటర్ల పొడవు ఉంటుంది. కొబ్బరికాయ మీ ఇంటి వంటగదిలో ఉంటే తాడు చివర ఊరు దాటి పొలంలో ఉంటుంది. ఇప్పుడు అసలు సంగతి. పోగుకు కావలసిన మాంసకృత్తులు దాదాపు అన్నీ ఆ కొబ్బరికాయలోనే తయారవుతాయి. వంట ఇంట్లో, పని పొలంలో. రోజూ సద్దిమూట మోసుకెళ్ళక తప్పదు.

మోసేవాళ్ళు నిజంగానే ఉన్నారు. పోగు లోపల పొడుగునా సన్నని పట్టాలు పరిచి ఉంటాయి. వాటి మీద కైనెసిన్ అనే అణువులు సరుకు నెత్తిన పెట్టుకుని, మనుషుల్లాగే ఒక కాలి తర్వాత ఒక కాలు వేసి నడుస్తాయి. అడుగుకు 8 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). అంటే ఒక మీటరు దూరానికి 12.5 కోట్ల అడుగులు. ఒకే కూలీ చివరిదాకా మోయదు, ఒకరు దించింది మరొకరు ఎత్తుకుంటారు. ఎంత వేగంగా నడిచినా రోజుకు 40 సెంటీమీటర్లు దాటడం కష్టం కాబట్టి నడుము దగ్గర బయలుదేరిన సరుకు బొటనవేలికి చేరేసరికి రెండున్నర రోజులు దాటుతుంది. ఇది వేగపు బండి. పోగు గోడలకూ పట్టాలకూ కావలసిన సామగ్రి రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్లే కదులుతుంది. ఈ రోజు వండింది వేలి కొసకు చేరేది వచ్చే ఏడో, ఆపై ఏడో.

ఒక్కో అడుగుకూ ఒక్కో ఏటీపీ అణువు ఖర్చు. కణంలో ఏ పని జరగాలన్నా చెల్లించాల్సిన చిల్లర డబ్బు అది. పాపకు ఇక్కడ ఒక పేరు చెప్పండి. 1929లో ఈ ఏటీపీని వెలికి తీసిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన దాన్ని కనుక్కున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే మరో శాస్త్రవేత్త విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావు పేరు ఈ జవాబులో మరోసారి వస్తుంది, అప్పుడు మీ అమ్మగారి మాత్రలకు నేరుగా సంబంధించి.

కబురు మాత్రం సరుకులా నత్తనడక నడవదు. నాడీకణం లోపలికీ బయటికీ మధ్య చిన్న విద్యుత్ తేడా ఉంటుంది, సుమారు 70 మిల్లీవోల్టులు. పొర మీది పంపులు మూడు సోడియం అయాన్లను బయటికి తోస్తూ రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ ఆ తేడాను కాపాడుతుంటాయి. దీనికీ ఏటీపీయే. వేలికి ఏదైనా తగలగానే అక్కడి తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. ఆ కుదుపుకు పక్క తలుపులు తెరుచుకుంటాయి, వాటి కుదుపుకు ఆ పక్కవి. తీగలో కరెంటు పారినట్టు అనుకుంటారు చాలామంది, నాకు ఆ పోలిక నచ్చదు. కార్తిక మాసంలో ఒక దీపంతో మరో దీపం ముట్టించినట్టు అనుకోండి. చివరి దీపం మొదటిదానంత వెలుగుతోనే ఉంటుంది, ఎందుకంటే ఏ ప్రమిదలో నూనె ఆ ప్రమిదదే. ఒక ప్రమిదలో నూనె లేదా, వరస అక్కడితో ఆగిపోతుంది.

నరంలో కబురు పోయే వేగాన్ని కొలవడం అసాధ్యమని పందొమ్మిదో శతాబ్దపు పెద్దలు అనుకునేవారు. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే కుర్ర శాస్త్రవేత్త తన గురువు కూడా ఆ మాటే అన్నా వినకుండా, 1850లో కప్ప కాలి నరం మీద కొలిచి చూపించాడు. సెకనుకు 27 మీటర్లకు అటూ ఇటూ. మన శరీరంలో అన్ని పోగులదీ ఒకే వేగం కాదు. స్పర్శనూ, కాలు ఏ భంగిమలో ఉందన్న కబురునూ మోసేవి లావైన పోగులు. వాటికి మైలీన్ తొడుగు ఉంటుంది. ష్వాన్ కణాలు పోగు చుట్టూ చాపలా పొరలు పొరలుగా చుట్టుకుని ఆ తొడుగు వేస్తాయి. ఒక్కో కణం కప్పేది మహా అయితే మిల్లీమీటరు, కాబట్టి కాలి పొడవునా వెయ్యి దాకా కణాలు బారులు తీరాలి. రెండు తొడుగుల నడుమ చెరకు గడ కణుపులా చిన్న ఖాళీ. కబురు ఆ కణుపు నుంచి ఈ కణుపుకు గెంతుతూ సెకనుకు యాభై అరవై మీటర్లు సునాయాసంగా పోతుంది. మంటనూ మొండినొప్పినీ మోసేవి తొడుగు లేని సన్నపోగులు, వాటి వేగం సెకనుకు ఒక మీటరు దరిదాపుల్లోనే. గడపకు బొటనవేలు తగిలినప్పుడు గమనించండి. తగిలిందని వెంటనే తెలుస్తుంది. అమ్మో అనిపించే నొప్పి ఒక క్షణం ఆగి వస్తుంది. ఆ క్షణమే లావుపోగుకూ సన్నపోగుకూ ఉన్న తేడా.

ఇక మీ అమ్మగారి పాదాలే ముందు ఎందుకు దెబ్బతిన్నాయో మీరే చెప్పగలరు. కండరాల, కొవ్వు కణాలు ఇన్సులిన్ తలుపు తీస్తేనే చక్కెరను బాగా లోపలికి రానిస్తాయి. నాడీకణం అలా కాదు, రక్తంలో ఎంత ఉంటే దానికి తగ్గట్టు లోపలికి వచ్చేస్తుంది. ఎక్కువైన చక్కెర దారి తప్పి సార్బిటాల్ లాంటి పనికిరాని పదార్థాలుగా పేరుకుంటుంది. ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియాలు దెబ్బతింటాయి. నరానికి ప్రాణవాయువు అందించే వెంట్రుక లాంటి రక్తనాళాల గోడలు మందమవుతాయి. (రక్తం ఆడటం లేదన్న పిన్నిగారి మాటలో ఆ మేరకు నిజం ఉంది, ఒప్పుకుంటాను. కాకపోతే అవి మర్దనకు తెరుచుకునేవి కావు.) సద్దిమూటలు మోసే కూలీలకు కూలి సరిగా అందకపోతే ముందు పస్తులుండేది ఏ పొలం? అన్నిటికన్నా దూరంగా ఉన్నది. అందుకే జబ్బు రెండు పాదాల వేళ్ళలో ఒకేలా మొదలై, మేజోడు తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. మోకాళ్ళ దాకా వచ్చే నాటికి చేతివేళ్ళలో మొదలవుతుంది, ఎందుకంటే పొడవు లెక్కలో అప్పటికి వాటి వంతు వస్తుంది. ఇలా కాకుండా ఒకే కాలిలో, నడుము నుంచి లాగినట్టు నొప్పి ఉంటే అది వేరే కథ. చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ మాత్రమే స్పర్శ లేకపోతే అదీ వేరే. కుష్ఠు క్రిమి ష్వాన్ కణాల్లోనే కాపురం పెడుతుంది కాబట్టి అలాంటి మచ్చను దాచుకోకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించాలి. మందులు ఉచితం, నయమవుతుంది.

మరి వేలిలో నిప్పు లేకుండా మంట ఎక్కడిది? దెబ్బతిన్న సన్నపోగు ఎవరూ ముట్టుకోకపోయినా తనంతట తాను కబుర్లు పంపుతుంది. ఆ పోగు మీద వచ్చిందంటే మెదడుకు అది పాదం కాలుతున్నట్టే లెక్క, విచారణ చేసుకునే వీలు దానికి లేదు. పగలు నడక, మాటలు, పనులు, అన్నిటి రొదలో ఆ కబురు మరుగున పడుతుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక అదొక్కటే వినబడుతుంది. మంటలు అబద్ధమని గానీ మనసుకు సంబంధించినవని గానీ ఎవరైనా అంటే నమ్మకండి. వాటిని తగ్గించే మందులు ఉన్నాయి. కొన్ని మూర్ఛకూ కొన్ని దిగులుకూ వాడేవే, ఎందుకంటే అవి పనిచేసేది నాడీకణాల మీదనే. వైద్యుడు ఆ మందు రాసినప్పుడు షాపులో ఎవరో ‘ఇది మెంటల్ మాత్ర కదా’ అంటే మీ అమ్మగారు మానేయకుండా చూడండి. అయితే అవి గోలను తగ్గిస్తాయి తప్ప నరాన్ని బాగుచేయవు. ఇంకొకటి. ఒక రోజు మీ అమ్మగారు మందు లేకుండానే మంటలు పోయాయని సంతోషంగా చెప్పవచ్చు. అప్పుడు ముందు పాదం ముట్టి చూడండి. స్పర్శ ఉంటే సంతోషమే. స్పర్శ కూడా లేకపోతే మంట తగ్గింది కాదు, గోల చేసే పోగు చచ్చిపోయి ఉండవచ్చు.

ఇప్పుడు మాత్రలూ ఇంజక్షన్లూ. నరాల మాత్ర అని అమ్మేదానిలో మామూలుగా బి1, బి6, బి12 విటమిన్లు, కొన్నిసార్లు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మీ అమ్మగారి విషయంలో బి12 మీద నాకు నిజంగానే అనుమానం ఉంది. మైలీన్ తొడుగు నిలబడాలంటే బి12 కావాలి. చిన్నపేగు చివరి భాగంలో అది రక్తంలోకి ఎక్కుతుంది, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే కొందరిలో అక్కడ సరిగా ఎక్కదు. కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. మాంసం, గుడ్లు ముట్టనివారైతే, పాలు పెరుగులు కూడా తక్కువైతే ఇంకా త్వరగా వస్తుంది. అందుకని మెట్‌ఫార్మిన్ మానేయకండి, ఆ పని అస్సలు చేయకండి, షుగరు అదుపు తప్పితే నరానికి మరింత చేటు. రక్తంలో బి12 ఎంత ఉందో పరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగండి. ఆరు నెలలుగా మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి ఆ చీటీ కూడా తీసుకెళ్ళండి, లేకపోతే పరీక్ష ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. లోటు ఉన్నట్టు తేలితే ఇంజక్షన్లు అక్షరాలా అమృతమే. లోటు లేకపోతే పది కాదు, వంద చేయించినా ఆ నరానికి కొత్తగా ఒరిగేది లేదు.

సుబ్బారావు ప్రస్తావన మళ్ళీ వస్తుందన్నాను. ఆయన తర్వాత లెడర్లే అనే మందుల సంస్థలో పనిచేశారు. 1940లలో ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బి12 లోటు వల్ల వచ్చే రక్తహీనత ఉన్నవాళ్ళకు ఆ కొత్త మందు ఇస్తే రక్తం చక్కగా పట్టింది, ముఖాలు కళకళలాడాయి. కానీ కొందరిలో కాళ్ళ తిమ్మిర్లు, తూలడం ఆగలేదు సరికదా ముదిరాయి. రక్తాన్ని బాగుచేసిన మందు నరం మీది తొడుగును కాపాడలేకపోయింది. ఆ పని బి12దే. ఇప్పటికీ ఇదే పొరపాటు జరుగుతుంటుంది. రక్తం బాగానే ఉందని పరీక్షలో వస్తుంది, బి12 చూడరు, నరం లోపల్లోపల పోతూ ఉంటుంది. మీ అమ్మగారిని ఒక మాట అడగండి. సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా? చీకట్లో పెరట్లోకి వెళ్ళాలంటే గోడ పట్టుకుంటున్నారా? పాదం ఎక్కడుందో చెప్పే లావుపోగులు మొరాయిస్తే మనిషి ఆ లోటును కళ్ళతో పూడ్చుకుంటాడు. కళ్ళు మూయగానే గుట్టు బయటపడుతుంది. అవునంటే వైద్యుడికి తప్పకుండా చెప్పండి, బి12 లోటు వెన్నుపాము దాకా వెళ్ళిందేమో చూస్తారు.

బి6 గురించి ఒక హెచ్చరిక చాలామందికి తెలియదు. విటమిను కదా, ఎక్కువైతే మంచిదే అనుకుంటారు. 1983లో అమెరికాలో రోజుకు 2 నుంచి 6 గ్రాముల బి6 నెలల తరబడి మింగిన ఏడుగురి గురించి వైద్యులు ప్రచురించారు. అందరికీ కాళ్ళూ చేతులూ మొద్దుబారి, నడక తప్పింది. అంత మోతాదు మన మాత్రల్లో ఉండదు, నిజమే. కానీ నరాల మాత్ర ఒకటి, బలానికి టానిక్కు ఒకటి, మరొకరు చెప్పింది ఇంకొకటి, అన్నీ కలిపి ఏళ్ళ తరబడి వేసుకుంటే లెక్క ఎక్కడ తేలుతుందో ఎవరూ చూడరు. బి6 ఎక్కువైతే విషమయ్యేది సరిగ్గా నడుము దగ్గరి ఆ ముడుల్లోని కణదేహాలకే. నరాల కోసం వేసుకున్న మాత్రతో నరాలు పోగొట్టుకోవడం కన్నా విచారం ఏముంటుంది? మీ అమ్మగారి మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి వైద్యుడి ముందు పెట్టండి.

ఇక పాప ప్రశ్న. చాలా మంచి ప్రశ్న, పాఠంలో ఉన్నదీ నిజమే. నాడీకణం ఒకసారి ఎదిగాక విభజన చెందదు, కణదేహం చస్తే ఆ కణం పోయినట్టే. కానీ పోగు తెగితే కణం చచ్చినట్టు కాదు. హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో వేగం కొలిచిన 1850లోనే ఇంగ్లండులో వాలర్ అనే వైద్యుడు మరో కప్ప మీద, దాని నాలుక నరం కోసి చూశాడు. (ఆ ఏడాది కప్పల జాతకం బాగాలేదు.) కోత అవతలి ముక్క కొన్ని రోజుల్లో చితికిపోయింది, కణదేహం వైపు ఉన్న ముక్క నిలిచింది. వంటిల్లు ఏ వైపు ఉందో అప్పుడు తెలిసింది. కణదేహం బతికి ఉంటే పోగు మళ్ళీ చిగురిస్తుంది. ష్వాన్ కణాలు చెత్త ఊడ్చి, పాత దారి చూపిస్తాయి. పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, పోగు గోడల సామగ్రి కదిలే నెమ్మది బండి వేగమే. మోకాలి దగ్గర తెగిన పోగు వేలి కొసకు చేరాలంటే ఏడాదికి పైన. ఈ చిగురించడం చేతులూ కాళ్ళలోని నరాల్లోనే. మెదడులో, వెన్నుపాములో ష్వాన్ కణాలు లేవు, అక్కడ చుట్టూ ఉండే వాతావరణమే పోగును ఎదగనీయదు. వెన్ను విరిగినవారు లేచి నడవలేకపోవడానికి అదొక ముఖ్య కారణం.

అయితే మీ అమ్మగారి పోగులు ఒకచోట కత్తితో తెగినవి కావు. పస్తులతో కొస నుంచి ఎండుతూ వస్తున్నవి. పస్తులు ఆగితే ఎండటం ఆగుతుంది, లేదా బాగా నెమ్మదిస్తుంది. చిగురు వేయడం తర్వాతి మాట, షుగరు ఉన్నవాళ్ళలో అది మందకొడిగా సాగుతుంది. పోయిన స్పర్శ అంతా తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వను, ఎవరైనా డబ్బు తీసుకుని ఆ మాట ఇస్తే లేచి వచ్చేయండి. బి12 లోటు వల్ల పోయిన భాగం మాత్రం, త్వరగా పట్టుకుంటే, చాలావరకు కోలుకునే అవకాశం ఉంది. అందుకే ఆ పరీక్ష మీద ఇంత పట్టు పడుతున్నాను. షుగరు సంగతి వేలి కొస పరీక్షతో సరిపెట్టకుండా, మూడు నెలల సరాసరి చూపించే హెచ్‌బీఏ1సీ చేయించండి.

వేడినీళ్ళ విషయంలో నేను మొండిగానే ఉంటాను, వద్దు. వేడి తెలియని పాదాన్ని వేడినీళ్ళలో పెట్టడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని పొయ్యి ముట్టుకోవడమే. పాదాలు బొబ్బలెక్కిన తర్వాత కూడా ‘హాయిగా ఉంది’ అని కూర్చున్న పెద్దవాళ్ళను చూశాను. స్నానానికి నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో పాదంతో కాకుండా మోచేతితో చూసుకోవాలి. మన ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గుడి బండల మీద ఉత్తకాళ్ళతో ప్రదక్షిణాలు అసలే వద్దు, తెల్లవారుజామున వెళ్ళినా దేవుడు గుళ్ళోనే ఉంటాడు. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోకూడదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. ప్రతి రాత్రి పడుకోబోయే ముందు ఎవరో ఒకరు అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడాలి, ఆమె ఒక్కరే ఉంటే నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. ముల్లు గుచ్చుకుందని చెప్పాల్సిన నరం చెప్పడం లేదు కదా, ఆ పని కళ్ళు చేయాలి. చిన్న పుండు, ఎరుపు, నీరు కారడం, ఏది కనబడినా పసుపు పెట్టి వారం చూద్దామనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. షుగరు కాళ్ళు తీసేయాల్సి వచ్చిన కథలు చాలావరకు నొప్పి లేని చిన్న పుండుతోనే మొదలవుతాయి.

కొన్ని లక్షణాలకు మాత్రం వైద్యుడి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. ఉన్నట్టుండి ఒక వైపు చెయ్యీ కాలూ పడిపోవడం, మూతి వంకర పోవడం. కాళ్ళలో మొదలైన బలహీనత రెండు మూడు రోజుల్లోనే పైకి పాకడం. కూర్చునే చోట మొద్దుబారి, మూత్రం మీద పట్టు తప్పడం. ఇవి నేను ఇంతసేపూ చెప్పిన నెమ్మది జబ్బు కాదు, గంటల లెక్క.

పాపకు ఒక పని అప్పగించండి. అమ్మమ్మను మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనాలి. కుడి, ఎడమ పాదాల బొటనవేళ్ళు, చిటికెనవేళ్ళు, మధ్యవేళ్ళు, మొత్తం ఆరు. వరస తప్పించి, ఒక్కో వేలి కొసను తన చూపుడువేలితో ఈకలా ఒకటి రెండు సెకన్లు ఆనించాలి. నొక్కకూడదు, గీకకూడదు, ఒక వేలిని రెండోసారి ముట్టకూడదు. తెలిసినప్పుడు అమ్మమ్మ కుడి అనో ఎడమ అనో చెప్పాలి. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదాలు ప్రమాదంలో ఉన్నట్టు. పుల్లా పరికరం లేకుండా ఇంట్లోనే చేసుకోవడానికి ఇంగ్లండు వైద్యులు తయారుచేసిన పరీక్ష ఇది. ఫలితం కాగితం మీద రాసి మీ వైద్యుడికి చూపించండి. ఆయన నైలాను తీగతో, శ్రుతిదండంతో, మడమ వెనక సుత్తి దెబ్బతో మళ్ళీ చూస్తారు.

చెప్పులు కూడా కొనాలి కదా. వేలి సందులో పట్టీ ఉండే రకం ఈసారి వద్దు, మడమ వెనక కట్టుకునే పట్టీ ఉన్నవి, ముందువైపు వెడల్పుగా ఉన్నవి తీసుకోండి. సాయంత్రం వెళ్ళండి, ఆ వేళకు పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, సరైన కొలత దొరుకుతుంది. సరిపోయాయా అని అమ్మగారిని అడిగితే సరిపోయాయనే అంటారు, బిగుతు ఆమెకు తెలియదు. మీరే వేలు దూర్చి చూడండి.